ఎనభై ఏడున్నర మీద సుజాత

కట్టుకున్న భార్య నా ఒక్కడి చెవికోసం గుసగుసగా చెప్పిన మాటను, పొద్దున్నే అన్నం డబ్బాలు పట్టుకుని వరుసలో నిలబడ్డ తొంభైమంది మగవాళ్ళకు ఒక్క దెబ్బకు వినిపించిన మొనగాణ్ణి మీరెక్కడైనా చూశారా? చూడకపోతే ఇటు తిరగండి. నేనే. పేరు రాజలింగం, ఊరు జగిత్యాల పక్కన, పని దుబాయ్‌లో డ్రైవరు. మేము దుబాయ్ అంటాం గానీ ఉండేది అజ్మాన్‌లో. నవ్వదలచుకున్నవాళ్ళు నవ్వండి, నాకు అభ్యంతరం లేదు. కాకపోతే మా సుజాతకు వినపడకుండా నవ్వండి. ఆమె నన్ను క్షమించింది గానీ పూర్తిగా కాదు, ఏ పండక్కో పబ్బానికో ఇంకా తీసి అడుగుతూనే ఉంటుంది.

అప్పట్లో మా కంపెనీ క్యాంపు అజ్మాన్‌లో, విల్లాలు కట్టే సైటు రాస్ అల్ ఖైమాలో. ఆరు వ్యాన్లు, వ్యానుకు పదిహేనుమంది. పొద్దున అయిదున్నరకు గేటు దగ్గర ఎక్కించుకుని ఉమ్ అల్ క్వైన్ మీదుగా సైటులో దింపి, ఖాళీ వ్యానుతో మళ్ళీ క్యాంపుకు వచ్చి సామాను ఎత్తుకుని పోవాలి. ఆ ఖాళీ వ్యానుతో వచ్చే గంటసేపు ఉందే, అదొక్కటే ఈ దేశం మొత్తంలో నాకంటూ ఉన్న గది. క్యాంపులో నా గదిలో ఎనిమిదిమందిమి, మంచం మీద మంచం. ఫోన్ చెవి దగ్గర పెట్టుకుంటే చాలు, పై మంచంలోంచి ఒక తల కిందికి వేలాడి వదినె ఏమంటుందని అడిగేది. ఎనిమిదిమందిలో ఒక్కడి పెళ్ళాం ఫోన్ చేసినా ఎనిమిదిమందికీ వచ్చినట్టే లెక్క.

సుజాతది అక్కడ అదే అవస్థ. ఇంట్లో మా అమ్మ ఉంటుంది. మా అమ్మకు కళ్ళు సరిగా కనిపించవు గానీ చెవులకు మాత్రం ఊరవతల చీమ నడిచినా వినపడుతుంది. అందుకని సుజాత రోజూ పొద్దున్నే మా పసుపు చేనులోకి పోయి, ఆకుల మధ్య కూచుని, ఫోన్ నోటి దగ్గర పెట్టుకుని గుసగుసగా మాట్లాడి, ఆ రికార్డు నాకు పంపేది. అయిదారు నిమిషాల ముచ్చట. ఇంట్లో ఏం వండింది, బర్రె ఎన్ని పాలిచ్చింది, అమ్ములు ఏం చేసింది.

అమ్ములు మా బిడ్డ. మా పెళ్ళయిన ఆరు నెలలకు నేను విమానం ఎక్కాను, అప్పటికి సుజాతకు మూడో నెల. తరువాత ఆ మాయదారి రోగం వచ్చి విమానాలు ఆగిపోయాయి. విమానాలు మళ్ళీ ఎగిరేసరికి మనుషులు తక్కువున్నారని నా సెలవు ఒకసారి ఆగింది, సైటు అర్జెంటని ఇంకోసారి ఆగింది. నేను చెప్పబోయే నవంబరు నాటికి అమ్ములుకు పదిహేను నెలలు. నేను ఆ పిల్లను ఒక్కసారి కూడా ఎత్తుకోలేదు. ఎంత బరువుంటుందో తెలియదు. ఒకసారి సైటులో పదికిలోల పుట్టీ డబ్బా ఎత్తుతూ, సుజాత చెప్పిన లెక్క ప్రకారం ఇంతే ఉంటుంది కదా అని దాన్ని చంకలో పెట్టుకుని కాసేపు అటూ ఇటూ తిరిగాను. ఎవరూ చూడలేదనుకుంటాను.

కాబట్టి సుజాత గొంతు వినడం నాకు కాలక్షేపం కాదు. ఆ గంట కోసమే మిగతా ఇరవైమూడు గంటలు గడిపేవాణ్ణి. అది సరిగ్గా వినపడకపోతే ఏమవుతుందో మీరే ఊహించుకోండి.

వినపడలేదు. నా ఫోన్ ఒకసారి సిమెంటు నీళ్ళ బకెట్లో పడి లేచినప్పటినుంచి దాని స్పీకరు పడిశం పట్టినట్టు మాట్లాడేది. చెవుల్లో వైర్లు పెట్టుకుని బండి నడిపితే మా ముదీర్, అంటే మేనేజరు, ఊరుకోడు. పక్కకు ఆపి విందామంటే బండి ఎక్కడ ఆగిందో ఆయనకు ఆఫీసులో కూచునే కనిపిస్తుంది. వ్యానులో ఉన్నది పాత రేడియో. దానికి ఫోన్ తగిలించే మార్గం లేదు. అప్పుడు మార్కెట్లో ఒక అడాప్టరు దొరికింది. సిగరెట్ అంటించుకునే రంధ్రంలో గుచ్చాలి. అది ఫోన్‌లోని మాటను తీసుకుని చిన్న రేడియో స్టేషన్‌లాగా గాల్లోకి వదులుతుంది. ఏ నెంబరు మీద వదులుతుందో అదే నెంబరు వ్యాను రేడియోలో పెట్టుకుంటే మాట వినిపిస్తుంది. గాల్లోకి వదులుతుందన్న ముక్క జాగ్రత్తగా గుర్తుపెట్టుకోండి. నేను పెట్టుకోలేదు.

దాన్ని బిగించి నెంబరు కలిపింది వీర్రాజు గారు. రాజోలు వైపు మనిషి, కంపెనీ ఎలక్ట్రీషియన్. ఏసీలు, మోటార్లు, వ్యాన్ల వైరింగు అన్నీ ఆయనే చూస్తాడు. ఏ పనికైనా ఆయన దగ్గర మందు ఉంటుంది, అది పనిచేసిందా లేదా అని వెనక్కి తిరిగి చూసే అలవాటు మాత్రం లేదు. "ఎనభై ఏడున్నర మీద పెట్టానండి. ఇంక ముట్టుకోకండి" అని చెప్పి వెళ్ళిపోయాడు.

మొదటిరోజు సైటు నుంచి తిరిగివస్తూ నొక్కాను. ముందు గరగర. దాని వెనకాల సుజాత. సుజాత వెనకాల డప్పులు. డప్పుల మీద ఎవరో మగవాడు గొంతెత్తి పాడుతున్నాడు. అయిదు నిమిషాల ముచ్చటలో నాకు అందినవి 'బర్రె', 'మీ అమ్మ', 'జర' అనే మూడు మాటలు. మర్నాడూ అంతే. డప్పులు, పాట, మధ్యలో బర్రె.

ఇక్కడ తెలివున్నవాడైతే యంత్రాన్ని అనుమానిస్తాడు. నేను పెళ్ళాన్ని అనుమానించాను. ఛీ, ఆ అనుమానం కాదు. పక్కన ఏదో పెళ్ళి జరుగుతుంటే అక్కడ కూచుని నాకు మాట్లాడి పంపుతోంది, నామీద శ్రద్ధ తగ్గింది, అనుకున్నాను. రోజూ ఎవరి పెళ్ళని అడిగి పంపాను. మర్నాడు జవాబు డప్పుల మధ్యనుంచే వచ్చింది. ఆ రోజు కోపంలో గొంతు పెంచింది కాబట్టి ఒక వాక్యం మొత్తంగా అందింది.

"పసుపు చేన్ల ఎవడు డప్పు కొడ్తడయ్యా? నీకు గిట్ల ఎండ తగిలిందా?"

గొంతు పెంచితే వినపడుతుందని అట్లా కనిపెట్టాను. కనిపెట్టినవాణ్ణి ఊరుకోవచ్చుగా. రోజూ గట్టిగా మాట్లాడమని చెప్పాను. పాపం ఆమె నా మాట విని, ఆకుల మధ్యనుంచి లేచి, బోరు మోటరు దగ్గరికి పోయి, గట్టిగా మాట్లాడడం మొదలుపెట్టింది. గుసగుసగా చెప్పే ముచ్చట వేరు, అరిచి చెప్పే ముచ్చట వేరు. పక్క చేను మల్లయ్య మామ గొడ్డలి భుజాన వేసుకుని పరుగెత్తుకొచ్చి ఏమైంది బిడ్డా, పామా అని అడిగాడట. దాంతో ఆమె మాటల్లోంచి ముద్దు మురిపెం పోయి, బర్రె పాల లెక్క మాత్రం మిగిలింది. నాకేమో గరగర అట్లాగే ఉంది.

అప్పుడు యంత్రం మీద పడ్డాను. అడాప్టరును అత్తరు పోసి తుడిచాను. రంధ్రంలో కదులుతోందేమోనని చుట్టూ రబ్బరు ముక్క కుక్కాను. అది ఇరుక్కుపోయింది, తీయడానికి పటకారు కావాల్సివచ్చింది. ఏసీ మోత వల్ల గరగర వస్తోందని ఎవరో అన్నారు. నిజమే కాబోలని ఏసీ ఆపేసి, బయటి గాలి హోరు లోపలికి రాకుండా అద్దాలన్నీ ఎత్తేసి, పట్టపగలు ఎండలో అజ్మాన్ దాకా నడిపాను. గరగర తగ్గలేదు. నేను మాత్రం చెమటకు నానిపోయి క్యాంపు గేటు దగ్గర దిగాను. గేట్లో నుదుటికి తుపాకీలాంటిది పెట్టి జ్వరం చూసే మనిషి ఉండేవాడు ఆ రోజుల్లో. అది నా నుదుటిమీద పెట్టగానే కీచుమంది. నన్ను తీసుకుపోయి విడిగా ఒక రేకుల గదిలో కూచోబెట్టి, ఎవరెవరిని ముట్టుకున్నావని రాసుకోవడం మొదలుపెట్టారు. నేను మా ఆవిడ గొంతు వినడం కోసం ఏసీ ఆపానంటే ఆ రాసేవాడు కలం పక్కన పెట్టి నా మొహం చూసి, జ్వరం తలకెక్కిందని రాసుకున్నాడు.

చివరికి మళ్ళీ వీర్రాజు గారి దగ్గరికే పోయాను. ఆయన వ్యాను చుట్టూ ఒక ప్రదక్షిణం చేసి, రేడియో మీద చెవి పెట్టి, డాక్టరులాగా తల ఊపాడు.

"ఆయ్. బలం లేదండి దీనికి. బలం ఇద్దారి."

ఒక బారు రాగి తీగ తెచ్చాడు. ఒక కొన అడాప్టరు లోపలెక్కడో అతికించాడు. దాన్ని డాష్‌బోర్డు పక్కగా, అద్దం అంచున, తలుపు సందులోంచి పైకి తీసుకుపోయి వ్యాను పైకప్పు మీద సామాను కట్టే కడ్డీలకు చుట్టబెట్టాడు. మా ఊళ్ళో ముదురు తీగ పందిరికి పాకినట్టు పాకింది. రేపటినుంచి గంట మోగినట్టు వినపడుతుందని మాట ఇచ్చాడు. ఆ మాట మాత్రం ఆయన నిలబెట్టుకున్నాడు.

మర్నాడు పొద్దున. గేటు దగ్గర ఆరు వ్యాన్లు ఒకదాని వెనక ఒకటి. తొంభైమంది వరుసలో నిలబడి ఒక్కొక్కరే జ్వరం చూపించుకుంటున్నారు. నా వ్యానులో ఇంకా ఎవరూ ఎక్కలేదు. సుజాత ముచ్చట అప్పుడే వచ్చింది. సైటు నుంచి తిరిగొచ్చేటప్పుడు వినాల్సింది, కానీ తీగ పనిచేస్తుందో లేదో చూడొద్దా? ఒక్క అర నిమిషం విందామనుకున్నాను. నేనేం వెర్రివాణ్ణి కాదు. అద్దాలు ఎత్తేశాను. సౌండు బాగా తగ్గించి, చెవి తీసుకుపోయి రేడియోకి ఆనించి, కళ్ళు మూసుకుని నొక్కాను.

అబ్బ. గరగర లేదు. డప్పులు లేవు. సుజాత ఊపిరి తీయడం కూడా వినపడింది. ఆ రోజు ఆమె నన్ను కనికరించి మళ్ళీ ఆకుల మధ్యకే పోయి కూచున్నట్టుంది, పాత గుసగుస తిరిగొచ్చింది. నిన్న ఫోన్లో దగ్గావు, వేడినీళ్ళు తాగు అంది. అమ్ములు సంగతి చెప్పింది.

"నీ బిడ్డ ఫోన్‌నే నాయిన అనుకుంటున్నదయ్యా. బువ్వ తినేటప్పుడు ఒక ముద్ద ఫోన్‌కు పెడ్తది. ఫోన్ మొత్తం పప్పే. ఒద్దే అంటే ఏడుస్తది, నాయినకు ఆకలైతదట."

అర నిమిషం అనుకున్నవాణ్ణి ఆపలేకపోయాను. పైగా ఆ క్లారిటీ చూడండి, ఆమె మాట ఒక్క రేడియోలోంచే కాదు, ముందునుంచీ వెనకనుంచీ నాలుగు వైపులనుంచీ వస్తున్నట్టుంది. సినిమా హాల్లో కూచున్నట్టుంది. వీర్రాజు గారి చెయ్యి మహత్తరమైన చెయ్యి, ఆయనకు ఒక బిర్యానీ తినిపించాలి అనుకుంటూ ఇంకా దగ్గరికి ఆనుకున్నాను. అప్పుడు సుజాత గొంతు ఇంకా తగ్గించి అంది.

"నీ నీలం అంగి తలకింద పెట్టుకొని పంటున్న రోజు. ఇప్పుడు నీ వాసన పోయింది దాంట్ల. ఎవరన్న వచ్చేటోళ్ళతోని ఇంకోటి పంపు. ఉతుకకుండ పంపు."

కళ్ళు తెరిచాను. అద్దం అవతల తొంభైమంది నన్నే చూస్తున్నారు. జ్వరం చూసేవాడు తుపాకీ ఒకడి నుదుటి దగ్గర పెట్టి నొక్కడం మరిచిపోయి నిలబడ్డాడు. నేను నా రేడియో ఆపేశాను. సుజాత ఆగలేదు. ముందున్న రెండు వ్యాన్లలో, వెనకున్న మూడు వ్యాన్లలో, తెరిచిన తలుపుల్లోంచి, ఫుల్ సౌండుతో, ఉతుకకుండ పంపు, మరువకు అని ఇంకోసారి చెప్పింది. నేను రేడియో ఆపాను గానీ ఫోన్ ఆపలేదు కదా. ఆ తేడా నాకు తట్టేసరికి ఆమె ఉంట మరి అని కూడా చెప్పేసింది.

ఏం జరిగిందో ఆ తరువాత తెలిసింది. కంపెనీలో ఆరుగురు డ్రైవర్లమూ ఒకే మార్కెట్లో ఒకే అడాప్టరు కొన్నాం. ఆరింటినీ బిగించింది వీర్రాజు గారే. ఆరింటికీ ఒకటే నెంబరు, ఎనభై ఏడున్నర. ఇదేమిటండీ అని అడిగితే ఆయన ఏమాత్రం తొణకలేదు.

"ఒక్కో బండికి ఒక్కో నెంబరిస్తే ఎవరిదేదో గుర్తుండదు కదండి. అన్నిటికీ ఒకటే అయితే నాకు తేలిక."

అంటే ఇన్నాళ్ళూ నేను విన్న డప్పులు పసుపు చేనులోవి కావు, పెళ్ళివీ కావు. నా వెనక వ్యాను నడిపే గుల్ భాయ్‌వి. పెషావర్ మనిషి, రోజూ వాళ్ళ ఊరి పాటలు పెట్టుకుని నా వెనకే వస్తాడు. ఇద్దరి అడాప్టర్లూ ఒకే నెంబరు మీద కొట్టుకుంటుంటే నాకు గరగర, ఆయనకు గరగర. రాగి తీగతో నా అడాప్టరుకు బలం వచ్చింది కాబట్టి ఆ రోజు నాది గెలిచింది. మిగతా అయిదు రేడియోలూ నోరు మూసుకుని సుజాత మాట విన్నాయి.

గుల్ భాయ్ నా కిటికీ దగ్గరికి వచ్చి భుజం తట్టాడు. ఆయనకు తెలుగు ఒక్క ముక్క రాదు. "రాజూ భాయ్, ఆజ్ ఖబర్ బహుత్ సాఫ్ ఆయీ" అన్నాడు. ఈ రోజు వార్తలు చాలా స్పష్టంగా వచ్చాయట. మూడు వారాలుగా తన పాటల మధ్యలో వినపడే ఆడగొంతును ఆయన తెలుగు వార్తలు అనుకుంటున్నాడు. వార్తలు చదివే అమ్మాయికి మధ్యలో కొన్నాళ్ళు చాలా కోపం వచ్చిందని, అప్పుడు మీ దేశంలో ఏదైనా గొడవ జరిగిందా అని కూడా అడిగాడు. అది వార్తలు కాదు, నా భార్య అని చెప్పాను. ఆయన రెండు చెవులూ పట్టుకుని, తౌబా తౌబా అంటూ తల వంచుకుని తన వ్యాను ఎక్కాడు. వారం రోజులు నా మొహం చూడలేదు.

మిగతావాళ్ళకు తెలుగు వచ్చు, అదే నా ఖర్మ. ఆ రోజంతా సైటులో ఎవడు చెమట తుడుచుకున్నా ఆ చొక్కా ఉతకకురా అనే మాటే. మధ్యాహ్నం అన్నాల దగ్గర ఒకడు ముద్ద కలిపి తన ఫోన్‌కు పెట్టాడు. నవ్వారు అందరూ. కానీ ఆ నవ్వు ఎంతోసేపు నిలవలేదు. ఆ ముద్ద పెట్టినవాడే ఫోన్ తుడుచుకుంటూ దానిమీద ఉన్న వాళ్ళబ్బాయి ఫోటో చూసి, అన్నం డబ్బా మూతపెట్టి లేచి పోయాడు. సాయంత్రం తిరిగొచ్చేటప్పుడు పోశన్న వచ్చి నా పక్క సీట్లో కూచున్నాడు. మా పక్కూరి మనిషి, పెద్ద మేస్త్రీ, పదేళ్ళుగా ఇక్కడే ఉన్నాడు. మీ ఆవిడ బాగా మాట్లాడుతుంది, మా ఆవిడ ఫోన్ చేస్తే అవసరాలు చెప్పి పెట్టేస్తుంది, అన్నాడు. అంతే అన్నాడు.

అంతటితో ఆగితే ఇది చెప్పుకోదగ్గ కథే కాదు. పోశన్న గదికి పోయి భార్యకు ఫోన్ చేసి, రాజలింగు పెండ్లాం చూడు ఎంత మంచిగా మాట్లాడుతదో, నువ్వూ ఉన్నవు, అని మొత్తం చెప్పాడు. అంగితో సహా. ఆమెకు రోషం వచ్చింది. మర్నాడు మహిళా సంఘం మీటింగులో మా ఊరివాళ్ళ ముందు, సుజాత మాటలు దుబాయ్‌లో రేడియోలో వస్తున్నాయటగా అని అడిగింది. మా సుజాత ఆ మీటింగులోనే ఉంది.

ఆ మరుసటి పొద్దున ముచ్చట రాలేదు. దాని తరువాతి రోజూ రాలేదు. అమ్ములు ఫోటోలు మాత్రం వచ్చేవి, మాట లేకుండా. వీడియో కాల్ చేస్తే మా అమ్మే ఎత్తేది. సుజాత ఏదని అడిగితే పనిలో ఉందనేది. ఒకరోజు అమ్మే అంది, "ఆ అంగి నేనే ఉతికినరా. చెమట వాసన కొట్టవట్టె." అంటే అంగి కథ మా అమ్మ దాకా కూడా చేరిందన్నమాట. ఫోన్ పట్టుకుని కంబళి కప్పుకుని పడుకున్నాను. పై మంచంవాడు కూడా ఆ రోజు ఏమీ అడగలేదు.

గుల్ భాయ్ చివరికి మొహమాటం వదిలి వచ్చి, ఇంత గొడవెందుకు, నీ నెంబరు రెండు పాయింట్లు జరుపు చాలు అన్నాడు. జరిపాను. రాగి తీగ పీకి పారేశాను. రేడియో శుభ్రంగా ఉంది. గాజులా ఉంది. నెల రోజులు అత్తరు పోసి, చెమట పోసి, జ్వరం గదిలో కూచుని నేను వెతికింది ఆ రెండు పాయింట్లు. ఇప్పుడు గరగర లేదు, డప్పుల్లేవు, సుజాతా లేదు. సైటు నుంచి ఖాళీ వ్యానుతో వస్తూ పాత ముచ్చట్లు తీసి పెట్టుకునేవాణ్ణి. పదిరోజుల కిందటి పాలు, పదిహేను రోజుల కిందటి కూర. ఉమ్ అల్ క్వైన్ దాటాక రోడ్డుకు రెండు పక్కలా ఇసుక తప్ప ఏమీ ఉండదు. అక్కడ ఆమె మా రెండో బర్రె ఈనే రోజులు దగ్గరపడ్డాయని చెబుతుంటే, ఆ ముక్కనే మళ్ళీ మొదటినుంచి పెట్టుకునేవాణ్ణి. ఆ బర్రె ఈ పాటికి ఈనిందో లేదో కూడా నాకు తెలియదు కదా.

పదకొండోరోజున నేనే మాట్లాడి పంపాను. నాకు మాట్లాడడం రాదు, వినడమే వచ్చు. అయినా చెప్పాను. నా గది గురించి ఎప్పుడూ చెప్పలేదు ఆమెకు, బాగుందని మాత్రమే చెప్పేవాణ్ణి. ఎనిమిదిమందిమని, నాకంటూ ఒక మూల లేదని, ఆ ఖాళీ వ్యానే నా గదని, అందులో ఆమె మాట మంచిగా వినపడాలని చేసిన పిచ్చి పనులన్నీ, అత్తరుతో సహా చెప్పాను. పుట్టీ డబ్బా ఎత్తుకుని తిరిగిన సంగతి కూడా చెప్పాను. నీ మాట లేక పొద్దు పోతలేదు సుజాతా, అన్నాను. పంపాక సిగ్గేసింది. కానీ వెనక్కి తీసుకోలేదు.

రెండురోజుల తరువాత, సైటు గేటు దగ్గర వ్యాను ఆపగానే ఫోన్ మోగింది. సుజాత ముచ్చట. వెనక పదిహేనుమంది దిగడానికి లేచినవాళ్ళు లేచినట్టే కూచున్నారు. నేను ఫోన్ జేబులో పెట్టుకున్నాను. తిరిగిపోయేటప్పుడు వింటానన్నాను. పోశన్న ఒప్పుకోలేదు. చెడగొట్టింది తను కాబట్టి తిట్లు ఉంటే తన వంతు తనకు వినాలని ఉందన్నాడు. ఆయన మొహం చూస్తే కాదనలేకపోయాను. కొత్త నెంబరు, తీగ లేదు, ఈ వ్యాను దాటి పోదు. నొక్కాను.

"అన్నలందరికి నమస్తే" అంది సుజాత.

ఆమె గుసగుసగా మాట్లాడడం లేదు, పదిమందిలో మాట్లాడినట్టు నిదానంగా మాట్లాడుతోంది.

"మా ఆయన సంగతి నాకు ఎర్కే. వద్దన్నా మీ ముంగటనే పెడ్తడు. అందుకే ముందుగాల మీతోనే మాట్లాడ్త. అందరు మంచిగున్నరా? నీళ్ళు తాగున్రి ఎండల. పోశన్నా, మీ ఇంటామె ఇక్కడనే ఉన్నది. మాట్లాడుమంటే సిగ్గు పడ్తున్నది. అక్కా, జర దగ్గరికి రా."

గాజుల చప్పుడు వినపడింది. ఎవరో ఫోన్ దగ్గరికి వచ్చారు, పోయారు, మళ్ళీ వచ్చారు. ఒక చిన్న దగ్గు. తరువాత కొంగులో నోరు దాచుకుని నవ్విన నవ్వు. ఒక్క మాట లేదు. పోశన్న సీటు అంచుకు జరిగాడు. ఇంకోసారి దగ్గితే బాగుండునన్నట్టు ముందుకు వంగాడు గానీ సుజాత ఫోన్ తీసేసుకుంది.

"ఇగ అన్నలు, అందరు దిగున్రి. తలుపు ఏసి పోన్రి. ఆయనతోని నాకు పనున్నది."

పదిహేనుమంది, సిమెంటు మరకల బూట్లతో, అన్నం డబ్బాలతో, ఒకరి వెనక ఒకరు, గుడిలోంచి దిగినట్టు దిగారు. ఆఖరున దిగిన పోశన్న తలుపు మెల్లగా దగ్గరికి వేసి, సరిగా పడిందో లేదో బయటినుంచి నొక్కి చూశాడు. అందరూ పోయి దూరంగా గోడవైపు మొహాలు తిప్పి నిలబడ్డారు. సూపర్‌వైజరు యల్లా యల్లా, పదండి పదండి అని అరుస్తున్నా కదలలేదు. వ్యానులో నేనూ సుజాతా మిగిలాం. ఆమె గొంతు తగ్గించి, మళ్ళీ ఆకుల మధ్య కూచున్నట్టు, ఏమయ్యా, అంది.

ఆ తరువాత అన్నది నాకు ఇప్పటికీ అక్షరం పొల్లుపోకుండా గుర్తుంది. కానీ ఆ రోజు ఆ స్టీరింగు మీద చెయ్యి వేసి ఒట్టు పెట్టుకున్నాను. నా భార్య నాకు చెప్పిన మాటను ఇక మీదట రేడియోలో గానీ, తీగ మీద గానీ, కాగితం మీద గానీ, మూడో చెవిన పడనివ్వను. పదిహేనుమందిని ఎండలో నిలబెట్టి చెప్పిన మాటను అచ్చువేసి పంచిపెట్టేంత బుద్ధిలేనివాణ్ణి కాను ఇప్పుడు. కాబట్టి ఏమనుకోకండి. ఇంత దూరం నా వ్యానులో వచ్చారు, సంతోషం. ఇక మీరూ దిగండి. తలుపు వేసి పొండి.